బీడీ మాన్పించే యాప్ ఉందా అబ్బయా?

"ఏమబ్బయా, నీ ఫోన్లో అన్నీ ఉంటాయి కదా. బీడీ మాన్పించేది ఏమన్నా ఉందా?"

నాయన ఈ మాట అడిగింది నెల్లూరులో ఒక ఆస్పత్రి మెట్ల మీద. గుండెకు స్టెంట్ వేసి మూడు రోజులైంది. డిశ్చార్జి కాగితాలు చేతికిస్తూ డాక్టరు గారు ఒకటే చెప్పారు. "మందులు ఒక ఎత్తు, బీడీ మానడం ఒక ఎత్తు. మానకపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు." నాయన బుద్ధిగా తల ఊపాడు. బయటికొచ్చి అలవాటుగా జేబు తడుముకున్నాడు. ఖాళీ జేబులోంచి చెయ్యి తీసి నన్ను ఆ ప్రశ్న అడిగాడు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. యాప్‌లు తయారు చెయ్యడమే నా పని. "ఉన్నాయి నాయనా, బోలెడన్ని" అని గొప్పగా చెప్పేశా. చెప్పేసి, మందుల షాపుకు పోతున్నానని ఆ పక్క సందులోకి పోయి సిగరెట్ వెలిగించా. అదీ మన సంగతి.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ప్లే స్టోర్ తెరిచి వెతికా. స్క్రోల్ చేసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. రేటింగులు చూస్తే నాలుగున్నరకు తగ్గవు. కానీ రేటింగ్ బాగుందంటే జనానికి యాప్ నచ్చిందని మాత్రమే తెలుస్తుంది. దాన్ని వాడినవాళ్లు ఆరు నెలల తర్వాత కూడా తాగకుండా ఉన్నారా లేదా అన్నది ఆ చుక్కల్లో ఉండదు. మా ఉద్యోగంలో మొదటి ఏడాదే నేర్చుకునే పాఠం ఇది.

నేను ఫోన్లో మునిగిపోయి ఉంటే మంచంలోంచి నాయన అన్నాడు: "నువ్వు తాగతావని నాకు తెలుసులే. నువ్వు మానితే నేను మానతా."

అట్లా మొదలైంది మా ఇంట్లో టెస్టింగ్.

పొగాకు డబ్బులతో చదివినోణ్ణి

మాది ఆత్మకూరు దగ్గర మెట్ట పల్లె. నెల్లూరు అంటే అందరికీ వరి మడులు, రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. పడమటి వైపుకొస్తే కథ వేరు. మర్రిపాడు మండలంలో డీసీపల్లి, ఉదయగిరి నియోజకవర్గంలో కలిగిరి, ఈ రెండు చోట్లా పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. 1976లో ఏర్పడిన ఈ బోర్డుకు హెడ్డాఫీసు గుంటూరులో ఉంది. వర్జీనియా పొగాకు వేసే రైతు బ్యారన్ రిజిస్టర్ చేయించుకోవాలి. ఆకు కాల్చి, గ్రేడింగ్ చేసి, బేళ్లు కట్టి ఆ వేలంలో అమ్ముకోవాలి. నా ఇంజినీరింగ్ ఫీజు టైముకు కడతామా లేదా అన్నది ప్రతి ఏడూ కిలో రేటు మీదే ఆధారపడి ఉండేది.

చిన్నప్పుడు సెలవుల్లో మంచుకు తడిసిన ఆకు కోయడానికి పోయి, తల తిరిగి వాంతులు చేసుకున్నా. ఎండ దెబ్బ అనుకున్నారు ఇంట్లో. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగితే అట్లా అవుతుందని చాలా ఏళ్ల తర్వాత చదివా. అంటే నా మొదటి నికోటిన్ డోసు సిగరెట్‌తో రాలేదన్నమాట.

ఇంకో తమాషా. నాయన పండించే వర్జీనియా ఆకు సిగరెట్లలోకి, ఎగుమతులకు పోతుంది. నాయన తాగేది బీడీ. బీడీలోకి వాడే పొగాకు రకమే వేరు. తను పండించిన ఆకు తను తాగలేదు. ఆ పంట మీద చదివిన కొడుకు మాత్రం ఇంజినీరింగ్ హాస్టల్లో మొదలుపెట్టి రోజుకు ఎనిమిది సిగరెట్ల దాకా వచ్చాడు.

మా ఇద్దరిదే కాదులెండి ఈ కథ. 2016–17లో జరిగిన గాట్స్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవాళ్లు 10.7 శాతం. అందులో సిగరెట్ కన్నా బీడీదే పైచెయ్యి: బీడీ 7.7 శాతం, సిగరెట్ 4 శాతం. ఇంకో అంకె కూడా గుర్తుపెట్టుకోండి. పొగ తాగేవాళ్లలో 55.4 శాతం మంది మానాలని అనుకుంటున్నట్టు చెప్పారు. సగం మందికి పైగా మానాలనే ఉంది. మానడమే రావట్లేదు.

యాప్ లోపల ఏముంటుంది?

మానడం ఎందుకు కష్టమో ముందు చూద్దాం. పొగ పీల్చిన పది సెకన్లకు అటూ ఇటూగా నికోటిన్ మెదడుకు చేరుతుంది. హాయిగా అనిపిస్తుంది. రెండు గంటల్లో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. మళ్లీ కావాలని మెదడు గోల పెడుతుంది. అందుకే రోజుకు ఒక లెక్క ప్రకారం తాగుతుంటాం, మనకు తెలియకుండానే. మానేసిన మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, దేని మీదా మనసు నిలవకపోవడం బాగా ఎక్కువ. రెండు నుంచి నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. తాగాలన్న ఒక్కో యావ మాత్రం కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాలు గడిస్తే చాలు. గడవవు, అదీ సమస్య.

యాప్‌లు పట్టుకునేది ఈ నిమిషాలనే. దాదాపు అన్నింట్లోనూ ఉండేవి నాలుగైదు ఫీచర్లు. ఎన్ని రోజులైంది, ఎన్ని డబ్బులు మిగిలాయి అని చూపే కౌంటర్. ఇన్ని గంటలకు ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ తగ్గింది, ఏడాదికి గుండె జబ్బు అదనపు ముప్పు సగమైంది అని చెప్పే హెల్త్ మీటర్. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో ఉంటే తాగాలనిపిస్తుందో రాసుకునే డైరీ. యావ వచ్చినప్పుడు నొక్కే బటన్, దాంట్లో ఊపిరి ఎక్సర్‌సైజో చిన్న గేమో. చివరగా బ్యాడ్జీలు.

నాయన ఫోన్లో ఒకటి పెట్టా. ఇంగ్లిష్‌లో మొదటి ప్రశ్న: రోజుకు ఎన్ని సిగరెట్లు? "బీడీ అని లేదా?" అన్నాడు నాయన. లేదు. రెండో ప్రశ్న: ప్యాకెట్ ధర ఎంత? 'కట్ట' అన్న లెక్క దానికి తెలీదు. ఏదో ఒకటి కొట్టి ముందుకు పోయా. మర్నాడు పొద్దున్నే టింగుమని నోటిఫికేషన్. నాయన అది బ్యాంకు మెసేజ్ అనుకుని భయపడి పక్కింటోళ్ల అబ్బాయి దగ్గరికి పరిగెత్తాడు. రెండో రోజు సాయంత్రానికి యాప్ తీసేయించాడు.

డబ్బుల కౌంటర్ సంగతి ఇంకా తమాషా. నా లెక్క: రోజుకు ఎనిమిది, ఒక్కోటి 18 రూపాయలనుకుంటే రోజుకు 144, నెలకు 4,320. చూస్తే కళ్లు తిరిగాయి. నాయనది రోజుకో కట్ట, 30 రూపాయలేసుకున్నా నెలకు 900. "దానికేముందిలే" అనేశాడు. నన్ను కదిలించిన ఫీచర్ ఆయన్ని కదిలించలేదు.

మా ఆఫీసు ఏ/బీ టెస్టు, డాక్టర్ల ఏ/బీ టెస్టు

యాప్‌లు పని చేస్తాయా అని తేల్చాలంటే ఎట్లా? మేం ఆఫీసులో బటన్ రంగు మార్చాలన్నా ఏ/బీ టెస్టు చేస్తాం. యూజర్లను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేస్తాం. ఒక గుంపుకు పాతది, ఒక గుంపుకు కొత్తది. తేడా చూస్తాం. వైద్యంలో దీన్నే ర్యాండమైజ్డ్ ట్రయల్ అంటారు. మందులకు చేసినట్టే ఫోన్లకూ చేశారు.

మొదట్లో యాప్‌లు లేవు, ఎస్సెమ్మెస్సులే. 2005లో న్యూజిలాండ్‌లో 1,705 మంది మీద ట్రయల్ జరిగింది. ఆరు వారాలకు మెసేజ్‌లు అందుకున్నవాళ్లలో 28 శాతం మంది మానేశామన్నారు, రెండో గుంపులో 13 శాతం. బాగుంది కదా? కానీ 'మానేశాం' అని నోటితో చెప్పింది ఎంతవరకు నమ్మాలి?

ఆ ప్రశ్నకు బ్రిటన్‌లో టెక్స్ట్‌టుస్టాప్ అనే ట్రయల్ జవాబిచ్చింది. 2011లో ల్యాన్సెట్ పత్రికలో వచ్చింది. మొత్తం 5,800 మంది. ఒక గుంపుకు మానడానికి సాయం చేసే మెసేజ్‌లు, రెండో గుంపుకు పొగతో సంబంధం లేని మామూలు మెసేజ్‌లు. యావ వస్తే 'క్రేవ్' అని, ఒకటి తాగేస్తే 'ల్యాప్స్' అని మెసేజ్ పెట్టొచ్చు, వెంటనే జవాబొస్తుంది. ఆరు నెలల తర్వాత మానేశామన్నవాళ్ల ఉమ్మిలో కోటినిన్ పరీక్ష చేశారు. నికోటిన్ ఒంట్లో విరిగితే వచ్చేదే కోటినిన్. తాగితే దొరికిపోతారు. పరీక్షలో నెగ్గినవాళ్లు మెసేజ్ గుంపులో 10.7 శాతం, రెండో గుంపులో 4.9 శాతం.

చూడటానికి చిన్న అంకె. కానీ ఏ సాయమూ లేకుండా సొంతంగా మానేసినవాళ్లలో ఆరు నెలలు, ఏడాది తర్వాత నిలబడేది 3 నుంచి 5 శాతమేనని పాత పరిశోధనలు చెబుతున్నాయి. మెసేజ్‌కు పెద్ద ఖర్చేం కాదు, లక్షల మందికి పంపొచ్చు. ఆ లెక్కన రెట్టింపు చిన్న విషయమేం కాదు.

మరి యాప్‌లు? 2019లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసింది. మెసేజ్‌లకు మంచి మార్కులే పడ్డాయి: అరకొర సాయంతో పోలిస్తే మానేవాళ్లు ఒకటిన్నర రెట్లు. యాప్‌లకు మాత్రం ఐదు ట్రయల్సే దొరికాయి. వాటిలో తేడా ఏమీ కనిపించలేదు. పని చెయ్యవని తేలిందని కాదు, చేస్తాయనడానికి అప్పటికి రుజువు లేదు.

మరుసటి ఏడాదే, 2020లో, కథ కొంచెం మారింది. సియాటెల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు 2,415 మంది అమెరికన్ల మీద రెండు యాప్‌లను పోటీ పెట్టారు. ఒకటి ఐకెన్‌క్విట్, రెండోది అక్కడి ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ తయారు చేసిన క్విట్‌గైడ్. ఏడాది తర్వాత, గత నెల రోజులుగా ఒక్కటీ తాగలేదన్నవాళ్లు ఐకెన్‌క్విట్‌లో 28.2 శాతం, క్విట్‌గైడ్‌లో 21.1 శాతం. తేడా ఎక్కడొచ్చింది? క్విట్‌గైడ్ పద్ధతి: యావ వస్తే మనసు మళ్లించు, దాన్ని తప్పించుకో. ఐకెన్‌క్విట్ పద్ధతి: యావను తరమొద్దు, గొడవ పడొద్దు. వచ్చింది, ఉంది, పోతోంది అని చూస్తూ కూర్చో. మా అవ్వ పిల్లల ఏడుపు గురించి ఇట్లాగే చెప్పేది.

అంటే 'యాప్‌లు పని చేస్తాయా' అన్న ప్రశ్నే తప్పు. 'మాత్రలు పని చేస్తాయా' అని అడిగినట్టు. ఏ యాప్, ఎవరికి, దేనితో పోలిస్తే అని అడగాలి. ఇక్కడ కూడా ఆ అంకెలు వాళ్లు చెప్పుకున్నవే, ఉమ్మి పరీక్ష చేసినవి కావు. అందరూ అమెరికన్లే, మానాలని వాళ్లంతట వాళ్లు ముందుకొచ్చినవాళ్లే. మన బీడీ నాయన అందులో లేడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జనం యాప్ పెట్టుకున్నంత వేగంగా తీసేస్తారు. బ్రిటన్‌లో ఒక యాప్ మీద 28 వేల మందికి పైగా జనంతో ట్రయల్ చేస్తే, మూడు నెలల తర్వాత మళ్లీ అడిగినప్పుడు పదిమందిలో ఒకరు కూడా జవాబివ్వలేదు. జవాబివ్వనివాళ్లంతా తాగుతున్నట్టే లెక్కేయడం ట్రయల్స్‌లో పద్ధతి. కఠినంగా అనిపిస్తుంది గానీ, నా సంగతి చదివాక మీరే ఒప్పుకుంటారు.

అలారం, మిస్డ్ కాల్, చెక్క స్పూను

ఈ ట్రయల్స్ చదివాక నాయన కోసం సొంతంగా యాప్ రాద్దామనుకున్నా. తెలుగులో, బీడీ లెక్కతో. లోగో కూడా గీశా. మా అక్క నవ్వి, "నాయనకు మెసేజ్ చదివే ఓపికే లేదు, యాప్ ఎవురికి రాస్తుండావు?" అంది. నిజమే.

కాబట్టి కోడ్ పక్కన పెట్టి ఒక తెల్ల కాగితం తీసుకున్నాం. నాయన రోజులో బీడీ ఎప్పుడెప్పుడు వెలిగిస్తాడో రాశాం. లేచాక టీతో. చేనికి పోయేముందు. అన్నం తిన్నాక. సాయంత్రం అరుగు మీద. పడుకోబోయే ముందు. ఈ ఐదు టైములకీ ఫోన్లో అలారాలు పెట్టా. అలారం టోన్‌గా ఏడేళ్ల మా అక్క కూతురి గొంతు. "తాతా, టీ తాగినావా? బీడీ వద్దు. నీళ్లు తాగు." ఐదింటికి ఐదు రకాలు. ఇంటర్నెట్ అక్కర్లేదు, చదవక్కర్లేదు. నా నాలుగేళ్ల డిగ్రీ, ఆరేళ్ల అనుభవం చివరికి అలారం దగ్గర ఆగాయి.

రెండోది, టెక్స్ట్‌టుస్టాప్ వాళ్ల 'క్రేవ్' మెసేజ్ ఐడియాను కాస్త మార్చా. "తాగాలనిపిస్తే నాకు మిస్డ్ కాల్ ఇయ్యి నాయనా." నేను తిరిగి చేస్తా. ఐదు నిమిషాలు గేదెల గురించో, సోమశిల నీళ్ల గురించో, పక్కింటోళ్ల పెళ్లి గురించో మాట్లాడుకుంటాం. యావ దాటిపోతుంది. ఆ ఐదు నిమిషాలు నేనూ సిగరెట్‌కు పోలేను కాబట్టి ఇద్దరికీ లాభమే.

మా టెస్టులో మూడో మనిషి ఉదయగిరిలో మొబైల్ షాపు నడిపే నా కాలేజీ స్నేహితుడు. వాడికి, నాకు యాప్‌లు. వాడికి డబ్బుల కౌంటర్ తెగ నచ్చింది. రోజూ దాని స్క్రీన్‌షాట్ పంపేవాడు. "నోరు ఊరుకుంటది మామా, చేతులే ఊరుకోవు" అనేవాడు. వేళ్ల మధ్య ఏదో ఒకటి ఉండాలి. ఉదయగిరి చెక్క స్పూన్లు మీకు తెలిసే ఉంటాయి, 2015లో జీఐ గుర్తింపు వచ్చినవి. వాటిలో చిన్న స్పూను ఒకటి షాపు కౌంటర్ మీద పెట్టుకున్నాడు. యావ వచ్చినప్పుడల్లా అది వేళ్ల మధ్య తిప్పుతాడు. ఏ యాప్‌లోనూ ఈ ఫీచర్ లేదు.

ముందే చెబుతున్నా, ఇది పరిశోధన కాదు. ముగ్గురు మనుషులు, లాటరీ లేదు, ఉమ్మి పరీక్ష లేదు. మా ఇంట్లో ఏం జరిగిందో అది చెబుతున్నా, అంతే.

నాయన పందొమ్మిది రోజులు నిలబడ్డాడు. ఇరవయ్యో రోజు పొద్దున పదకొండింటికి మిస్డ్ కాల్ వచ్చింది. నేను మీటింగ్‌లో ఉన్నా. తర్వాత చేద్దామనుకున్నా. మర్చిపోయా.

ఇక నా సంగతి. ఇరవై మూడో రోజు రాత్రి రిలీజ్. సర్వర్ పడిపోయింది. రెండింటికి కిందికి దిగి ఒకదాని వెంట ఒకటి రెండు సిగరెట్లు కాల్చా. పైకొచ్చి ఫోన్ చూస్తే యాప్ అడుగుతోంది: ఈ రోజు తాగారా? పైన పెద్ద అక్షరాల్లో 22 రోజుల స్ట్రీక్. 'లేదు' నొక్కా.

ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. జీతం కోత లేదు, తిట్టేవాళ్లు లేరు. అయినా ఒక యాప్‌కి అబద్ధం చెప్పా, 22ను సున్నా కానివ్వడం ఇష్టం లేక. ఉమ్మి పరీక్షలు ఎందుకు పెడతారో ఆ రాత్రి బాగా అర్థమైంది. నా స్ట్రీక్ 23 అయింది. మర్నాడు ఇంకోటి తాగా. స్ట్రీక్ 24. ఎలాగూ చెడిపోయింది కదా అన్న ఆలోచన మొదలైతే ఆగదు. ఒకటి తాగడం తప్పటడుగు, మళ్లీ అలవాటులో పడటం పతనం. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. తప్పటడుగు వేస్తే కౌంటర్‌ను సున్నా చేసే డిజైన్ ఆ దూరాన్ని చెరిపేస్తుంది. నేనే గనక ఆ యాప్ రాస్తే, 'మొత్తం 25 రోజుల్లో 23 రోజులు తాగలేదు' అని చూపించేవాణ్ణి.

ఆ శనివారం ఊరికి పోయా. అరుగు మీద కూర్చుని నాయనకు చెప్పేశా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నేనూ ఒకటి తాగినాలే మొన్న. నువ్వు ఫోన్ ఎత్తలా."

నా గుండెలో ఎవరో గుద్దినట్టయింది. స్టెంట్ వేసుకున్న మనిషి. ఆ రోజు మీటింగ్‌లో ఏం మాట్లాడామో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు.

ప్యాకెట్ మీద నంబర్, విడిగా కొనే మనం

ఆ రోజే తెలిసింది, నేనొక్కణ్ణే కాల్ సెంటర్‌గా ఉంటే కుదరదని. మన దేశంలో దీనికి ఏర్పాటు ఉంది. 2016లో ఢిల్లీలోని వల్లభాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో జాతీయ పొగాకు క్విట్‌లైన్ మొదలైంది. నంబర్ 1800-11-2356, ఫ్రీ. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లాంటి చోట్లకు విస్తరించింది. 2018 సెప్టెంబర్ నుంచి ప్రతి సిగరెట్ ప్యాకెట్, బీడీ కట్ట మీదా ఈ నంబర్ ముద్రించాల్సిందే.

మరి పదేళ్లుగా తాగే నేను ఆ నంబర్ ఎందుకు చూడలేదు? ఎందుకంటే నేను ప్యాకెట్ కొనలేదు. బంకు దగ్గర విడిగా ఒకటో రెండో కొంటా. బొమ్మ, హెచ్చరిక, నంబర్ అన్నీ బంకువాడి దగ్గరే ఉండిపోతాయి. నాయన కట్ట కొంటాడు గానీ, కట్ట మీద నంబర్ చదవాలన్న ఆలోచన ఆయనకెందుకొస్తుంది?

నాయనతో ఫోన్ చేయించా. తెలుగులో మాట్లాడే మేడమ్ లైన్లోకి వచ్చారు. ఎన్నేళ్ల నుంచి, రోజుకు ఎన్ని, లేచిన ఎంతసేపటికి మొదటిది, ఇంట్లో ఇంకెవరు తాగుతారు అని ఓపికగా అడిగారు. మానే తేదీ పెట్టించారు. మళ్లీ వాళ్లే ఫోన్ చేసి కనుక్కున్నారు. నాయనకు నచ్చింది ఏమిటో తెలుసా? "నన్ను తిట్టలేదబ్బయా."

మెసేజ్‌ల పద్ధతిలోనూ మన ప్రభుత్వం 2016లో ఎం-సెసేషన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 011-22901701కు మిస్డ్ కాల్ ఇచ్చి చేరడం. ఇరవై లక్షల మందికి పైగా చేరారు. నాలుగైదు నెలల తర్వాత ఫోన్ చేసి అడిగితే దాదాపు 19 శాతం మంది మానేశామన్నారు. ఇది కూడా నోటి మాటే, నాలాంటి 'స్ట్రీక్ 24' గాళ్లు అందులో ఎందరో చెప్పలేం. అయినా స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు కూడా చేరే పద్ధతి కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో పొగాకు మాన్పించే చికిత్స మీద మొట్టమొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టర్ సలహా, కౌన్సెలింగ్, నికోటిన్ గమ్‌లాంటివి, వారెనిక్లిన్‌లాంటి మందులు ప్రధానం. మెసేజ్‌లు, యాప్‌లు వాటికి తోడు. అంటే యాప్ పచ్చడిలాంటిది. అన్నం వేరే ఉండాలి.

మీరు మొదలుపెట్టాలంటే

మా మూడు ఫోన్ల అనుభవంతో, చదివిన దానితో కలిపి చెబుతున్నా.

ఒకటి: యాప్ పెట్టుకునే ముందు కాగితం మీద మీ టైములు రాసుకోండి. అలారం పెట్టాల్సింది ఆ టైములకు. ఎవరి గొంతు అయితే మీరు కాదనలేరో ఆ గొంతుతో.

రెండు: యాప్ పెట్టుకుంటే, మానే తేదీ పెట్టించేది, యావ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పేది, తప్పటడుగు వేస్తే మళ్లీ నిలబెట్టేది చూసుకోండి. ఒట్టి కౌంటర్ సరిపోదు.

మూడు: పర్మిషన్లు చూడండి. డిప్రెషన్, పొగ మానడానికి సంబంధించిన 36 పేరున్న యాప్‌లను 2019లో పరిశోధకులు పరీక్షిస్తే, 29 యాప్‌లు యూజర్ల డేటాను గూగుల్ లేదా ఫేస్‌బుక్‌కు పంపుతున్నాయని తేలింది. కాంటాక్టులు, లొకేషన్ అడిగితే 'నో' అనండి. బీడీ మానడానికి మీ అడ్రస్‌తో పనేముంది?

నాలుగు: లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లైతే యాప్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. డాక్టర్‌ని అడిగి గమ్ లేదా మందు వాడండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు అడక్కుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

ఐదు: ఒకరికి మాటివ్వండి. ఆ ఒక్కరు మీ ఫోన్ ఎత్తే మనిషై ఉండాలి.

ఆరు: తగ్గించడం దగ్గర ఆగిపోవద్దు. మా ఉదయగిరి స్నేహితుడు పన్నెండు నుంచి మూడుకు వచ్చి సంబరపడుతున్నాడు. రోజుకు ఒక్కటి తాగినా, ఇరవై తాగేవాళ్లకుండే గుండె జబ్బు అదనపు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బీఎంజే పత్రికలో వచ్చిన విశ్లేషణ చెప్పింది. వాడికి ఆ లింక్ పంపా. చదివి, చెక్క స్పూను ఫొటో పంపాడు. 'ఇంకా తిప్పుతుండా' అని.

నాయన బీడీ ముట్టి ఇప్పటికి ఎనిమిది నెలలు. నేను ఐదు నెలలు. నా యాప్‌ని తీసేశా, మళ్లీ పెట్టుకున్నా, ఈసారి నిజమే నొక్కుతున్నా. నాయన అలారాలు ఇంకా మోగుతున్నాయి. మొన్న డీసీపల్లి వేలం రోజు నాకు భయమేసింది. అక్కడ ప్రతి చేతిలోనూ బీడీనో సిగరెట్టో ఉంటుంది. రేటు పడిపోతే ఒకటి, పెరిగితే ఇంకోటి. పన్నెండింటికి అనుకున్నట్టే మిస్డ్ కాల్ వచ్చింది. క్లయింట్ కాల్‌లో ఉన్నా. "రెండు నిమిషాలు" అని మ్యూట్ చేసి నాయనకు కలిపా.

"తాగాలనిపిస్తుందా నాయనా?"

"లేదబ్బయా. రేటు బాగానే పడింది. చెప్దామని."

ఆ రెండు నిమిషాలు పదిహేను నిమిషాలైంది. క్లయింట్ ఏమనుకున్నాడో తెలీదు.